ఆవిరి ఎక్కడికి పోతున్నది?

ఈ ప్రసంగ విషయం వినగానే కొందరు శ్రోతలు చిరునవ్వు నవ్వుకొని ఉంటారు. స్నానాలగదిలో తిరిగే చిన్న ఎగ్జాస్టు ఫానును గురించి ఇంతసేపు చెప్పుకోవలసినది ఏమున్నదని వారికి తోచవచ్చును. మూడేండ్ల క్రితం నాకూ అట్లే తోచేది. మీట నొక్కితే ఫాను తిరుగుతుంది. తిరిగినంతసేపు లోపలి ఆవిరిని బయటికి నెట్టుతుంది. ఇంతకు మించి దానిని గురించి ఆలోచించవలసిన అవసరం నాకు కనబడలేదు. ఆలోచించకపోవుటవలన మా ఇంట జరిగిన నష్టమే ఈ ప్రసంగానికి మూలం.

నా చిన్నతనంలో మా పల్లెటూరి ఇంట స్నానాలగది ఇంటిలో భాగమే కాదు. పెరటిలో, నూతికి నాలుగు బారల దూరంలో, మూడువైపుల గోడ, ఒకవైపు తాటాకు తడిక, పైన సగం కప్పు - అదే స్నానాలగది. పక్కన పొయ్యిమీద రాగికాగులో నీరు కాగుతూ ఉండేది. ఆవిరి ఎక్కడికి పోతున్నదని ఎవరూ అడుగలేదు. నెత్తిన ఆకాశమే ఉన్నప్పుడు అడుగవలసిన పనీ లేదు.

తరువాత స్నానాలగది పెరటినుండి వసారాకు, వసారానుండి పడకగది పక్కకు వచ్చి చేరినది. గోడలు పైకప్పుదాకా లేచినవి. తలుపు బిగువుగా మూసికొంటున్నది. ఇందువలన సౌకర్యం పెరిగినదనుటలో సందేహం లేదు. అర్ధరాత్రివేళ వానలో తడుస్తూ పెరటిలోనికి పోవలసిన బాధ వృద్ధులకు, పిల్లలకు తప్పినది. కాని, పెరడు అడుగకుండానే చేసిపెట్టిన పని ఒకటి మిగిలిపోయినది. ఆ పనిని మనం ఆరంగుళాల ఫానుకు అప్పగించినాము. అప్పగించి, అది చేస్తున్నదో లేదో చూడటం మరచిపోయినాము.

మేము ఉండేది బెజవాడలో, ఒక అపార్టుమెంటు రెండవ అంతస్తులో. మూడేండ్ల క్రితం స్నానాలగదిని బాగుచేయించినాము. ఆ గదిమీద సగం మేరకు అటక ఉన్నది. అటక తలుపులు పక్కనున్న పడకగదిలోనికి తెరచుకొంటాయి. మిగిలిన సగం పైకప్పుదాకా ఖాళీగా ఉండేది. చూడటానికి బాగుంటుందని ఫాల్సు సీలింగు వేయించి ఆ ఖాళీని మూయించినాము. పాత ఫానును తీసివేసి, కొత్తదానిని ఆ సీలింగులో బిగించినారు. ఫాను వెనుకకు పోయి చూసినవారెవరూ లేరు. పని ముగిసిన రోజున నేను ఎలక్ట్రీషియనును అడిగినాను:

"గాలి పోతుందా బాబూ?"

"ఎందుకు పోదు సార్? పైకి పోతుంది," అన్నాడు.

అతడు అబద్ధమాడలేదు. గాలి పైకే పోయినది. "పైకి" అన్న మాటను "బయటికి" అని అర్థం చేసికొన్న తప్పు నాది.

ఆ మరుసటి సంవత్సరం వానలు వెనుకబట్టిన తరువాత, కార్తికమాసంలో, పడకగదిలో ఒక వాసన మొదలైనది. తడిసి ఆరని గుడ్డల వాసన. మా ఇంటావిడ పరుపులు ఎండలో వేయించినది, బీరువాలు తుడిపించినది. వాసన పోలేదు. చివరకు నిచ్చెన వేసికొని అటక తలుపు తెరచినాను. లోపలి చెక్కలమీద నల్లని మచ్చలు, పాత చాపమీద తెల్లని బూజు. వాటి వెనుక మా నాయనగారి రేకు పెట్టె.

మా నాయనగారు తెలుగు పండితులుగా పనిచేసినారు. ప్రతి రాత్రి భోజనం తరువాత, ఆనాడు ఊరిలో విన్న మాటలను ఒక నోటు పుస్తకంలో వ్రాసికొనేవారు. వ్యవసాయపు పనిముట్ల పేర్లు, పశువుల రోగాల పేర్లు, నాట్లవేళ ఆడవారి నోట వచ్చిన సామెతలు. అటువంటివి పదకొండు పుస్తకాలు. ఏనాటికైనా వాటిని సరిచూసి ప్రసంగాలుగా చెప్పవలెనని నా సంకల్పం. ఉద్యోగమే ఇది గనుక, తొందర ఏమున్నదని ఊరుకొన్నాను. పెట్టె మూతకు తుప్పు పట్టినది. అంచుల వెంట నీరు దిగి, అడుగున నిలిచిన చెమ్మలో నాలుగు పుస్తకాలు ముద్దయినవి. సిరా పరుచుకొనిపోయి, పుటకు పుట అతుక్కొన్నది. వేటిని విప్పబోయినా చిరిగిపోయినవి.

పైకప్పు కారుతున్నదేమో అని మొదట అనుమానించినాను. మామీద ఇంకొక ఇల్లు ఉన్నది. వారి గొట్టాలను చూపించినాము. ఎక్కడా చుక్క కారటంలేదు. ఆ నీరు వాననుండి రాలేదు, గొట్టంనుండి రాలేదు. ఏడాదిన్నరపాటు మా స్నానాలనుండి రోజుకు కొంతగా వచ్చినది. ఫాను ఆవిరిని ఫాల్సు సీలింగు మీది ఖాళీలోనికి నెట్టినది. ఆ ఖాళీకి, అటకకు నడుమ అడ్డం చెక్క పలకలు మాత్రమే. వాటి సందులగుండా ఆవిరి అటకలోనికి చేరినది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఫాను తేమను చంపదు, మోసికొని పోతుంది. ఒకచోటనుండి ఎత్తి మరొకచోట దించుతుంది. ఎక్కడ దించుతున్నదో చూడకపోతే, మన కష్టాన్ని మనమే కరెంటు ఖర్చు పెట్టి ఇంటిలోని మరొక మూలకు పంపుకొన్నట్లే.

ఆవిరి అటకలో నీరుగా ఎట్లా మారినదో కొంచెం లెక్క చూద్దాము. గాలి తనలో కొంత తేమను దాచుకొనగలదు. ఎంత దాచుకొనగలదన్నది దాని వెచ్చదనంమీద ఆధారపడి ఉంటుంది. 32 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల గాలి ఒక ఘనపు మీటరులో సుమారు 34 గ్రాముల నీటిని ఆవిరి రూపంలో మోయగలదు. అదే గాలి 24 డిగ్రీలకు చల్లబడితే సుమారు 22 గ్రాములు మాత్రమే మోయగలదు. మిగిలిన 12 గ్రాములను అది ఎక్కడో దించివేయక తప్పదు. చల్లని చెంబు బయట చెమర్చినట్లుగా, దగ్గరలో ఏది చల్లగా ఉంటే దానిమీద దించుతుంది. మా పడకగదిలో రాత్రిపూట ఎయిర్ కండిషనర్ 24 డిగ్రీలమీద నడుస్తుంది. అటక తలుపులు ఆ గదివైపే ఉన్నవి గనుక అటక కూడా చల్లబడుతుంది. అందులోని రేకు పెట్టె మరింత తొందరగా చల్లబడుతుంది. మేము పడుకొనేముందు వేడినీళ్ళ స్నానాలు చేసి, ఫాను వేసి, ఆ తరువాత గదిని చల్లబరచుకొని హాయిగా నిద్రపోయేవారము. అటకలో మా నాయనగారి పెట్టెమీద మంచు కురిసినట్లు చెమ్మ దిగుతూ ఉండేది.

చెమ్మ తగిలిన చోట వెంటనే బూజు పట్టదు. ఒకటి రెండు రోజులలో ఆరిపోతే ప్రమాదం తక్కువ. కాగితం, చెక్క, గుడ్డ, తోలు - ఇవి తడిసి, ఆరకముందే మళ్ళీ తడుస్తూ ఉంటే బూజుకు కావలసినంత ఆహారం. ఆ బూజు విడిచే కంటికి కనబడని రేణువులు ఉబ్బసం ఉన్నవారికి మరింత బాధ కలిగిస్తాయి. కనుక, పుస్తకాలు లేని ఇంటనైనా ఈ సంగతిని తేలికగా తీసికొనరాదు.

తప్పు తెలిసిన తరువాత దిద్దుకొన్నాను. కాని మొదటిసారి తొందరపడి దిద్దుకొన్నాను. మా అపార్టుమెంటులో స్నానాలగదుల వెనుక, కిందినుండి మీదిదాకా ఒక బావివంటి ఖాళీ ఉన్నది. అందరూ దానిని డక్టు అంటారు. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు అందులోనుండే పోతాయి. ఫానుకు ఒక గొట్టం తగిలించి ఆ డక్టులోనికి తెరిపించినాను. మా అటక ఆరినది. పది రోజులు గడువకముందే మామీది అంతస్తులోని మామ్మగారు మెట్లమీద ఎదురైనారు.

"నాయనా, మీ ఇంటి సబ్బు చాలా మంచి వాసనే కాని, అది మా దేవుడి గదిలోనికి వస్తున్నదయ్యా," అన్నారు.

నేను నమ్మలేకపోయినాను. డక్టు పైన తెరచి ఉంటుంది గదా, గాలి ఆకాశంలోనికి పోవలె గదా అనుకొన్నాను. మేడమీదికి పోయి చూసినాను. పావురాల బాధ పడలేక ఎవరో ఎన్నడో డక్టుమీద రేకు కప్పించినారు. గాలికి విడిచిన సందు జానెడైనా లేదు. ఐదు అంతస్తుల ఫానులు తమ తమ ఆవిరిని ఆ మూసిన బావిలోనికి నెట్టుతుంటే, అది ఏ కిటికీ తెరచి ఉంటే ఆ కిటికీగుండా మళ్ళీ ఇండ్లలోనికే పోతున్నది. నా చెమ్మను నా అటకలోనుండి తీసి మామ్మగారి దేవుడి గదిలో పెట్టినాను, అంతే.

"బయట" అనే మాటకు అర్థం నాకు ఆనాడు తెలిసినది. ఫాల్సు సీలింగు పైభాగం బయట కాదు. అటక బయట కాదు. పైన మూసిన డక్టు బయట కాదు. పక్కవారి కిటికీ ముందు బయట కాదు. మన గాలి ఎవరి ఇంటిలోనికీ తిరిగిరాకుండా ఆకాశంలో కలిసే చోటే బయట.

ఇక, ఇది సరిగా చేయుట ఎట్లా? చాలమంది శ్రోతల ఇండ్లలో స్నానాలగదికి ఒక గోడ ఆరుబయటివైపు ఉంటుంది. ఆ గోడలో, పైకప్పుకు దగ్గరగా వెంటిలేటరు ఉంటుంది. అటువంటివారు అదృష్టవంతులు. ఫానును ఆ వెంటిలేటరులోనే, బయటి ముఖంగా బిగిస్తే చాలును; గొట్టం అక్కరలేదు. అయితే ఒక జాగ్రత్త. వెంటిలేటరులో సగం ఫానుకు ఇచ్చి, మిగిలిన సగంలో గాజు పలకలను తెరచి ఉంచుతారు. అప్పుడు ఫాను పక్కనున్న సందులోనుండి బయటిగాలిని లాగి, దానినే మళ్ళీ బయటికి పంపుతుంది. గదిలోని ఆవిరి గదిలోనే ఉంటుంది. కనుక ఫాను పక్కనున్న భాగాన్ని మూసివేయవలెను. గాలి తలుపువైపునుండి ప్రవేశించి, గదినంతా దాటి, ఫానుద్వారా బయటికి పోవలెను.

బయటి గోడ దూరంగా ఉన్నవారికి గొట్టం తప్పదు. మా ఇంట చివరకు చేసినది ఇదే. ఫానునుండి అటకమీదుగా ఏడడుగుల గొట్టం వేసి, బాల్కనీవైపు గోడకు కన్నం చేసి బయటికి తీసినాము. దీనిలో నేను నేర్చుకొన్న సంగతులు కొన్ని ఉన్నవి.

గొట్టం వీలైనంత పొట్టిగా, తిన్నగా ఉండవలెను. ప్రతి వంపు గాలిని అడ్డగిస్తుంది. ముడుతలు పడి వంగే గొట్టంకంటె లోపల నున్నగా ఉండే గట్టి గొట్టం మేలు. ముడుతల గొట్టమే వాడవలసివస్తే దానిని సాగదీసి బిగించవలెను. ఫాను మూతికంటె సన్నని గొట్టాన్ని తగిలించరాదు. గొట్టం బయటివైపుకు కొంచెం వాలుగా ఉండవలెను. లోపల చెమర్చిన నీరు ఫానుమీదికి కాక బయటికి కారిపోతుంది. ఎయిర్ కండిషనర్ ఉన్న గదిపక్కగా పోయే గొట్టానికి వేడి, చలి సోకకుండా నురుగు పట్టీ చుట్టించుట మంచిది. బయటి కొసకు వాన పడకుండా మూత, గాలి ఎదురుతిరిగినప్పుడు వాటంతట అవే మూసికొనే రెక్కలు, పిట్టలు దూరకుండా జాలీ ఉండవలెను. జాలీ మరీ సన్ననిదైతే నూగు పట్టి మూసికొనిపోతుంది. ఆ కొస ఏ కిటికీకీ దగ్గరగా ఉండరాదు. మన కిటికీకైనా సరే, పక్కవారి కిటికీకైనా సరే.

ఫానులలో కూడా భేదమున్నది. గోడలో బిగించే మామూలు రెక్కల ఫాను, ఎదురు లేనప్పుడు చాల గాలిని తోస్తుంది. పొడుగాటి గొట్టం తగిలిస్తే నీరసించిపోతుంది. గొట్టంగుండా తోయుటకు ప్రత్యేకంగా చేసిన ఫానులు వేరే ఉన్నవి. పెట్టెమీద అచ్చువేసిన సంఖ్య సాధారణంగా గొట్టం లేనప్పటిదని గుర్తుంచుకొని కొనవలెను. ఎంత గాలిని తోస్తే చాలును? అమెరికాలో అనుసరించే ఒక ప్రమాణం ప్రకారం, అవసరమైనప్పుడు మాత్రమే వేసే స్నానాలగది ఫాను నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలిని బయటికి పంపవలెను. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న గదిలో 360 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. ఆ లెక్కన గంటకు ఎనిమిదిసార్లకు పైగా గదిలోని గాలి మారుతుంది. మన ఇండ్లకు ఇది చాలిన లెక్కయే.

బయటికి పోయినంత గాలి లోపలికి రావలెనన్న సంగతిని మనం మరచిపోతాము. తలుపును కింద సందు లేకుండా బిగించి ఫాను వేస్తే, అది వట్టినే రొదచేస్తుంది. తలుపు కింద ముప్పాతిక అంగుళం సందు విడిచితే చాలును. సందు లేనప్పుడు మరొక చిక్కు కూడా వస్తుంది. నేలమీద నీరు పోయే జాలీ కింద వంపు తిరిగిన చోట కొంత నీరు నిలిచి ఉంటుంది. మురుగు గొట్టంలోని వాసనను ఆ నీరే అడ్డుకొంటుంది. ఊరికిపోయి పది పదిహేను రోజులకు వచ్చినప్పుడు ఆ నీరు ఆరిపోయి ఉండవచ్చును. అప్పుడు ఫాను వేస్తే, అది గాలికోసం మురుగు గొట్టాన్నే పీల్చుతుంది. "ఫాను వేస్తే కంపు వస్తున్నది" అని కొందరు చెప్పుటకు కారణం ఇదే. ఒక చెంబెడు నీరు జాలీలో పోసి, తలుపు కింద సందు విడిచితే ఆ కంపు పోతుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెమ్మకంటె, పుస్తకాలకంటె ముఖ్యమైనది. దయచేసి ఇంటిల్లిపాదీ వినండి. కొన్ని ఇండ్లలో స్నానాలగదిలోనే గ్యాసుతో మండే గీజరు ఉంటున్నది. మంట మండుటకు గాలి కావలెను. మూసిన చిన్న గదిలో గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుట్టుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలంతో పట్టుకొంటుంది. తలనొప్పి, కండ్లు తిరుగుట, వికారం - ఇవి దాని మొదటి గుర్తులు. తరువాత స్పృహ తప్పుతుంది. స్నానానికి పోయినవారు తిరిగి రాలేదన్న వార్తలు చలికాలంలో మన పత్రికలలో వస్తూనే ఉన్నవి. ఫాను ఉన్నది గదా అని ధైర్యపడరాదు. గాలి వచ్చే దారి లేని గదిలో ఫాను ఏమీ చేయలేదు; పొగగొట్టం ఉన్న గీజరైతే, బయటికి పోవలసిన పొగను అది లోపలికే లాగవచ్చును. గ్యాసు గీజరు ఉండవలసిన చోటు స్నానాలగది బయట, గాలి ధారాళంగా వీచే స్థలంలో. నీరు మాత్రమే గొట్టంలో లోపలికి రావలెను. ఇంకొక మాట: వంటగ్యాసు గాలికంటె బరువైనది, కారితే నేలను ఆనుకొని ఉంటుంది. గ్యాసు వాసన తగిలినప్పుడు ఫాను మీట నొక్కరాదు. నిప్పురవ్వ పుట్టే ప్రమాదమున్నది. తలుపులు తెరచి, సిలిండరు కట్టివేసి, బయటికి రావలెను.

కొందరికి ఇంకొక సందేహం కలుగవచ్చును. మన కోస్తా జిల్లాలలో వానాకాలంలో బయటిగాలే చెమ్మగా ఉంటుంది గదా, ఫాను వేసి లాభమేమి? లాభమున్నది, కాని నిదానంగా ఉంటుంది. బయట 28 డిగ్రీల వేడి, నూటికి 90 పాళ్ళ తేమ ఉన్నదనుకొందాము. ఆ గాలి ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల ఆవిరిని తెస్తుంది. స్నానాలగది గాలి 34 గ్రాములు మోసికొని పోతుంది. ప్రతి ఘనపు మీటరుకు పది గ్రాముల లాభం. అదే రాయలసీమలోనో తెలంగాణలోనో నడివేసవిలో, 40 డిగ్రీల ఎండలో, నూటికి 20 పాళ్ళ తేమ ఉన్న గాలి పది గ్రాములే తెస్తుంది. లాభం ఇరవై నాలుగు గ్రాములు. అందువలన కర్నూలులో పది నిమిషాలలో ఆరే గోడ కాకినాడలో అరగంటకు కూడా ఆరకపోవచ్చును. స్నానం మొదలుపెట్టినప్పుడు ఫాను వేసి, ముగిసిన తరువాత ఇరవై ముప్పై నిమిషాలు తిరుగనివ్వండి. గోడలమీది, నేలమీది నీరు ఇంకా ఆవిరవుతూనే ఉంటుంది గనుక, స్నానం కాగానే ఫాను కట్టివేయుట సగం పని చేసి విడిచినట్లే.

ఈ కథనంతా మా చెల్లెలికి ఫోనులో చెప్పినాను. వారు అమెరికాలో, ఉత్తరాన మంచు కురిసే ఊరిలో ఉంటారు. అది విని ఆమె నవ్వి, "అన్నయ్యా, ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు పరీక్షించే మనిషి మొదట అటక ఎక్కి చూసినది అదే," అన్నది. అక్కడ చాల రాష్ట్రాలు అనుసరించే గృహనిర్మాణ నియమావళిలో, స్నానాలగది ఫాను గాలిని అటకలోనికి, చూరు కిందికి వదలరాదని, ఆరుబయటికే పంపవలెనని స్పష్టంగా ఉన్నది. కారణం అక్కడి చలి. శీతకాలంలో అక్కడి అటకలో నీరు గడ్డకట్టేటంత చలి ఉంటుంది. సున్న డిగ్రీల గాలి ఘనపు మీటరుకు ఐదు గ్రాముల ఆవిరిని కూడా మోయలేదు. లోపలినుండి వచ్చిన ఆవిరి కప్పు చెక్కల అడుగున మంచుగా పేరుకొంటుంది. వసంతం రాగానే కరిగి, లోకప్పునుండి కారుతుంది. ఇల్లుగలవారు కప్పు చిల్లిపడినదని కప్పు బాగుచేసేవారిని పిలుస్తారు. నేను మామీది ఇంటివారిని అనుమానించలేదా? అట్లే. అక్కడ స్థిరపడిన మన పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగాన్ని వింటే, ఒకసారి అటక ఎక్కి గొట్టం కప్పుదాటి బయటికి పోయినదో లేదో, దానికి చలి సోకని తొడుగు ఉన్నదో లేదో చూసికొనవలెనని నా మనవి.

మన ఇండ్లలో పరీక్షకు ఏ యంత్రమూ అక్కరలేదు. రేపు ఉదయం ఒక అగరువత్తి వెలిగించి, స్నానాలగది తలుపు మూసి, ఫాను వేసి, దానికి జానెడు దూరంలో పట్టుకొనండి. పొగ ఫానులోనికి తిన్నగా పోవలెను. మీదికి తిరిగివస్తే ఫానును తలకిందుగా బిగించినారన్నమాట. అటువంటి ఇండ్లు నేను చూసినాను. తరువాత ఆ అగరువత్తిని తలుపు కింది సందు దగ్గర పట్టుకొనండి. పొగ గదిలోనికి పోవలెను. చివరగా, ఇంటివారిలో ఒకరు బయటికి పోయి, ఫాను గాలి వచ్చే చోటును కంటితో చూడవలెను. అక్కడ రెక్కలు తెరచుకొన్నవా? చేయి అడ్డుపెడితే గాలి తగులుతున్నదా? ఆ చోటు కనబడకపోతే, అది బయట లేదన్నమాట. ఈ మూడవ పరీక్షను నేను మొదటి రోజున చేసి ఉంటే ఈ ప్రసంగం ఉండేది కాదు.

ఫానును మూడు నెలలకొకసారి శుభ్రం చేయించండి. రెక్కలమీద పట్టిన దుమ్ము, నూగు గాలిని సగానికి తగ్గించగలవు. చేయి పెట్టేముందు మీట కట్టివేస్తే చాలదు. మెయిను దగ్గర కరెంటు తీసివేయవలెను. తడి చేతికి, కరెంటుకు పొత్తు కుదరదు.

ఇక, నా డక్టు సంగతి. మామ్మగారి ఇంటికి పోయి క్షమాపణ చెప్పుకొన్నాను. అపార్టుమెంటువారమందరం సమావేశమై, డక్టుమీది రేకును తీయించి, దాని స్థానంలో నాలుగువైపుల రెండడుగుల ఎత్తున తెరపి ఉండేటట్లు పైకి లేపిన కప్పు, చుట్టూ పావురాలకు వల వేయించినాము. తల ఒక్కింటికి పడిన ఖర్చు పెద్దది కాదు. ఇప్పుడు మిగిలిన ఇండ్ల ఆవిరి కూడా ఆకాశంలోనికి పోతున్నది.

పదకొండు పుస్తకాలలో ఏడు మిగిలినవి. నీడలో ఆరబెట్టి, పుట పుటకు నడుమ తెల్ల కాగితం పెట్టి, ఇప్పుడు వాటిని తిరిగి వ్రాసుకొంటున్నాను. పోయిన నాలుగింటిలో ఏమేమి మాటలున్నవో తెలియదు. ఆ మాటలు పలికిన వారిలో చాలమంది ఇప్పుడు లేరు. మిగిలినవాటిలో ఒకచోట, మా నాయనగారి గుండ్రని అక్షరాలలో, అందరికీ తెలిసిన సామెత ఒకటి కనబడినది: "తన కంపు తనకింపు." దాని పక్కన ఆయన అర్థమేమీ వ్రాయలేదు. మామ్మగారు మెట్లమీద నన్ను ఆపకపోతే నాకూ అది తెలిసేది కాదు.

కనుక శ్రోతలారా, మీ ఇంట ఫాను తిరుగుతున్నదా అని కాక, ఆ గాలి ఎక్కడికి పోతున్నదని ఒక్కసారి అడుగండి. "పైకి" అని జవాబు వస్తే, నిచ్చెన వేయండి. సెలవు.